మార్జ్ నేర్పిన కోపం

పోయిన వారం ఇక్కడ ఆక్లాండ్ నగరంలోని శాండ్రింగ్‌హామ్‌లో పచారీ కొట్టుకి వెళ్ళాను. పప్పుల అరల దగ్గర ఎవరి చేతిలోంచో ఇంగువ డబ్బా జారి కింద పడింది. మూత ఊడి, పొడి నేలంతా పరుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళకి పులిహోరో, చారో గుర్తొచ్చి ఉంటుంది. నాకు మాత్రం పాత కారు వెనక ఇరుసు విప్పినప్పుడు కారే నూనె గుర్తొచ్చింది. ఆ గేర్ ఆయిల్‌లో గంధకం కలుపుతారు. ఏళ్ళ తరబడి లోపలే మగ్గితే దానికి ఇంగువకి ఉన్నంత ఘాటు వస్తుంది. ఒకసారి ఒంటికి పట్టిందంటే రెండు రోజులు వదలదు. ఆ వాసనతో పాటు ఇన్వర్‌కార్గిల్‌లో ఒక షెడ్డు, అందులో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఒక పొట్టి మనిషి కళ్ళముందుకి వచ్చారు. ఆవిడ పేరు మార్జ్. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. చూసినవాళ్ళు కొందరు ఆవిడ గురించి ఒక అబద్ధం చెప్పుకుంటున్నారు. నేనిది రాయడానికి సగం కారణం ఆ అబద్ధమే.

నాది ప్రొద్దుటూరు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, 2010ల మొదట్లో ఆటోమోటివ్ డిప్లొమా కోసం న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఆ ఊరికి వెళ్ళాను. అక్కడ చలి అంటే మనం అనుకునే చలి కాదు. సముద్రం మీంచి వచ్చే గాలి స్వెట్టర్నీ, చర్మాన్నీ లెక్కచెయ్యకుండా నేరుగా ఎముకని పలకరిస్తుంది. చదువు అయ్యాక వర్క్‌షాపుల చుట్టూ తిరిగాను. నా అప్లికేషన్ చూసిన ప్రతివాడూ "ఆఫీసులో ఫోన్లు తీసే పని కావాలా?" అనే అడిగాడు. అడగనిది మార్జ్ ఒక్కతే. భర్త పెట్టిన వర్క్‌షాప్‌ని ఆయన పోయాక ఆవిడే నడుపుతోంది. అప్పటికే అరవై దాటాయి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, ఏడాది పొడుగునా ఒకే నీలం ఓవరాల్. ఆ ప్రాంతం వాళ్ళకి ఇంగ్లీషులో రకారాన్ని మనలాగా నొక్కి పలికే అలవాటుంది. మార్జ్ నోట్లో అది మరీ గట్టిగా ఉండేది. అందుకేనేమో, ఆ దేశంలో నా పేరుని 'ప్రసన్న' అని సరిగ్గా పలికిన మొదటి మనిషి ఆవిడే.

ఆవిడ కోపం మొదటిసారి చూసింది చేరిన వారంలోనే. ఒక మధ్యాహ్నం నా చేతిలో పని అయిపోయింది. ఖాళీగా నిలబడితే ఏమనుకుంటారో అని చీపురు తీసుకుని షెడ్డు ఊడవడం మొదలుపెట్టాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను. మార్జ్ కారు కిందనుంచి బయటికి వచ్చి, చీపురు నా చేతిలోంచి లాక్కుంది.

"నిన్ను ఊడవమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. ఖాళీగా ఉన్నాను కదా అని..."

"నేను స్కూలు టీచర్ని కాదు, మేడమ్ అనకు. ఇక్కడ శుక్రవారం సాయంత్రం అందరం ఊడుస్తాం, నేను కూడా. ఇవాళ నువ్వు ఊడిస్తే రేపు వీళ్ళు నీకోసం మురికి వదిలిపెడతారు. ఎల్లుండికి అది నీ ఉద్యోగం అయిపోతుంది. పని లేకపోతే వచ్చి పని అడుగు."

మిగతా ఇద్దరు మెకానిక్‌లూ వింటుండగానే అరిచింది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో, కాలేజీలో నేను నేర్చుకున్నదంతా ఒక్కటే: ఆడపిల్ల అడక్కుండానే పని అందుకోవాలి, ఎవరూ ఏమీ అనకముందే తగ్గి ఉండాలి. ఆ తగ్గడాన్ని ఒక మనిషి తప్పుగా చూస్తుందని నాకు తెలీదు. ఈవిడ ఉత్త చిరాకు మనిషి అని ఆ రోజుకి సరిపెట్టుకున్నాను. ఆవిడ చిరాకంతా నా పక్షాన ఉందని అర్థం కావడానికి రస్సెల్ కారు ఇరుసు విరగాల్సి వచ్చింది.

రస్సెల్ ఊరి బయట పెద్ద పాడి రైతు. అతని లారీలు, ట్రాక్టర్లు, వ్యాన్లు అన్నీ మార్జ్ దగ్గరికే వచ్చేవి. మా వర్క్‌షాప్‌కి అతనే పెద్ద ఆధారం. వాటితో పాటు అతనికొక ముద్దుల కారు ఉండేది. అరవైల చివర్లో అమెరికాలో తయారైన రెండు తలుపుల కారు. పొడవాటి ముక్కు, ముదురు ఆకుపచ్చ రంగు. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరేవి. కారుతో వచ్చిన ఇంజన్ చాలక, ఇంకా పెద్ద ఇంజన్ తెచ్చి పెట్టించుకున్నాడు. వెనక ఇరుసు మాత్రం పాతదే. చిన్న ఇంజన్ కోసం చేసిన సన్నపాటి ఇరుసు. "గుర్రం ఒంటికి మేక కాళ్ళు తగిలించాడు," అనేది మార్జ్.

ఒక వేసవిలో వెనక చక్రం నుంచి గరగరమని శబ్దం వస్తోందని కారు తెచ్చాడు. బేరింగ్ మార్చాలి. ఆ పని మార్జ్ నాకు ఇచ్చింది. బేరింగ్ మార్చాలంటే చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీని, అదే యాక్సిల్ షాఫ్ట్‌ని, బయటికి లాగాలి. లాగి చూస్తే దాని లోపలి కొసన ఉండే పళ్ళు నిటారుగా లేవు. కొద్దిగా మెలితిరిగి ఉన్నాయి. తడిబట్టని పిండడం మొదలుపెట్టి వదిలేసినట్టు. మార్జ్‌ని పిలిచి చూపించాను. ఆవిడ వేలితో తడిమి చూసి, రస్సెల్‌ని పిలిచి అతనికీ చూపించింది. నేను పక్కనే ఉన్నాను.

"ఇది బతికి ఉండగానే చావు కబురు చెప్తోంది రస్సెల్. గట్టి ఇరుసు తెప్పిస్తాను, వేయించుకో. అప్పటిదాకా రోడ్డు మీద మెల్లగా తోలుకో. రేసుకి మాత్రం తీసుకెళ్ళకు. ఆ రేసు టైర్లు అసలే వెయ్యకు."

రస్సెల్ నవ్వాడు. "నలభై ఏళ్ళు బతికింది. ఇంకో వేసవి బతకదా?" అన్నాడు.

"బతకదు," అంది మార్జ్. "విరిగాక నా దగ్గరికొచ్చి ఏడవకు."

కొత్త బేరింగ్ వేసి, ఆ షాఫ్టునే మళ్ళీ బిగించి ఇచ్చాను. అతను ఇంజన్ మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొద్ది వారాలకి పాత కార్ల క్లబ్బు వాళ్ళ రేసు రోజు వచ్చింది. అక్కడ ఏడాదికొకసారి అది ఊరందరి పండగ. తిండి బండ్లు, మడత కుర్చీలు, లౌడ్‌స్పీకర్లో జోకులు వేసే వ్యాఖ్యాత. మార్జ్ నన్నూ తీసుకెళ్ళింది. రస్సెల్ కారు రేసు మొదలయ్యే గీత దగ్గరికి వచ్చినప్పుడు చూశాను: వెనక వెడల్పాటి మెత్తటి రేసు టైర్లు. నేలని జలగల్లా పట్టుకునే రకం, చక్రం జారదు కాబట్టి ఇంజన్ బలమంతా ఇరుసు మీదే పడుతుంది. వద్దన్నవే వేశాడు. మార్జ్‌కి చెబుదామని వెనక్కి తిరిగాను. ఆవిడ టీ తేవడానికి వెళ్ళింది, ఇంకా రాలేదు. పచ్చదీపం వెలిగింది. ఇంజన్ గర్జించింది, కారు ముక్కు పైకి లేచింది, ఆ వెంటనే తుపాకీ పేలినంత చప్పుడు. ఆ తర్వాత ఇంజన్ ఒక్కటే అరుస్తోంది, కారు కదలడం లేదు. నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. అంత పెద్ద కారు, అంత రంకె, చివరికి నాలుగడుగులు. జనం ఒక్కసారిగా నవ్వారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలిందల్లా రస్సెల్ పరువుకే. ఎర్రగా కందిపోయిన మొహంతో కారు దిగి, కంచె వైపు చూశాడు. కంచె పక్కన నేనున్నాను. చెయ్యెత్తి నావైపు చూపించాడు.

"ఆ ఇరుసు ఆఖరున ముట్టుకుంది ఆ ఇండియన్ పిల్ల! ఏం బిగించిందో, ఏం బిగించలేదో!"

వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు. "ఓహో, మసాలా ఎక్కువైందన్నమాట!" అన్నాడు. జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నన్ను చూసి. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి. ఆ నవ్వినవాళ్ళలో నేను రోజూ పాలు కొనుక్కునే డెయిరీ కొట్టాయన ఉన్నాడు, మా వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్ళు ఉన్నారు. దుర్మార్గులేం కారు. మర్నాడు కనపడితే గుడ్ మార్నింగ్ చెప్పే మనుషులే. కానీ ఆ క్షణంలో వాళ్ళకి నవ్వడానికి ఎవరో ఒకరు కావాలి. రస్సెల్ చేతిలోంచి నన్ను అందుకున్నారు.

నేనేం చేశానో తెలుసా? "సారీ" అన్నాను. గట్టిగా, అందరికీ వినపడేలా. అలా అంటే అక్కడితో అయిపోతుందనుకున్నాను.

మార్జ్ రెండు కప్పుల టీతో వచ్చేసరికి ఆ సారీ గాల్లో ఇంకా ఉంది. ఏం జరిగిందో పక్కవాళ్ళు చెప్పారు. ఆవిడ కప్పులు కంచె స్తంభం మీద పెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని వెనక తొట్టి ఉండే తన బండి, యూట్, దాకా నడిపించుకుపోయింది. వర్క్‌షాప్ ముందు బండి ఆపాక నావైపు తిరిగింది.

"దేనికి సారీ చెప్పావు?"

"గొడవ ఎందుకని..."

"ఏదైనా వదులుగా వదిలేశావా?"

"లేదు."

"నీకు ఖచ్చితంగా తెలుసా?"

"తెలుసు. మీరూ చూశారు కదా."

"చూశాను. మరి నీకు తెలిసిన నిజాన్ని అతనికెందుకు ఇచ్చేశావు? అది నీ ఒక్కదానిదే కాదు, నాది కూడా. అది నా వర్క్‌షాప్‌లో జరిగిన పని." చెయ్యి చాపి నా వైపు తలుపు తెరిచింది. "వాడి మీద నాకు ఎంత కోపంగా ఉందో నీ మీదా అంతే కోపంగా ఉంది. ఇంటికెళ్ళు. సోమవారం రా."

నేనుండే ఫ్లాట్‌లో సుధక్క అని గుంటూరావిడ ఉండేది. నాకంటే ముందు వచ్చి అక్కడ స్థిరపడింది. మంచి మనిషి. నేను ఏడుస్తూ చెప్పిందంతా విని, ప్లేట్లో అన్నం పెట్టి ముందు కూర్చుంది.

"చూడు ప్రసన్నా, నీ వర్క్ వీసా ఆ వర్క్‌షాప్ పేరు మీద ఉంది. ఆ రస్సెల్ లేకపోతే ఆ వర్క్‌షాపే లేదంటున్నావు. రేపు ఆదివారమే కదా, ఇద్దరం వెళ్దాం. ఏదైనా స్వీటు చేసుకెళ్ళి, పొరపాటైందని చెప్పి వచ్చేద్దాం. మనం బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళం. రైటెవరిదని ఎవరు చూస్తారు?"

ఆవిడని తప్పు పట్టను. ఆవిడ కూడా ఎన్ని చోట్ల అలా తగ్గి వచ్చిందో ఆ మాటల్లోనే తెలుస్తోంది. ఆదివారం పొద్దున్న రవ్వలడ్డూలు చేసింది కూడా. డబ్బా మూత పెడుతుంటే నాకు హఠాత్తుగా ఒళ్ళు మండింది. చెయ్యని తప్పుకి నెయ్యి కాచి, జీడిపప్పు వేయించి మరీ తీసుకెళ్ళాలా? "నేను రానక్కా," అన్నాను. ఆ లడ్డూలు మేమే తిన్నాం. తింటున్నంతసేపూ భయంగానే ఉంది.

సోమవారం రస్సెల్ కారుని ట్రక్కు మీద పంపించాడు. మీ తప్పు కాబట్టి మీరే బాగుచెయ్యండి అని కబురు. మార్జ్ ఫోన్ తీసి, "బాగుచేస్తాను. కానీ నువ్వు వచ్చి నిలబడితేనే విప్పుతాను. క్లబ్బువాళ్ళనీ తీసుకురా," అంది. మర్నాడు మధ్యాహ్నం అతనూ, క్లబ్బు పెద్దలు కొందరూ వచ్చారు. వాళ్ళలో క్లబ్బు అధ్యక్షుడు ఇయాన్ ఒకాయన. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే ముసలాయన. మార్జ్ స్పానర్ నా చేతికి ఇచ్చింది.

"నువ్వే విప్పు," అంది.

చక్రం తీశాను. బోల్టులు ఒక్కొక్కటీ విప్పాను. నేను బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఒక్కోటి విప్పడానికి ఒంటి బరువంతా వెయ్యాల్సి వచ్చింది. అది వాళ్ళంతా చూశారు. ఇరుసు గొట్టంలోంచి నల్లటి నూనె కారింది, షెడ్డంతా ఆ ఘాటు వాసన. షాఫ్టు ముక్క బయటికి వచ్చింది. పళ్ళు ఇప్పుడు కొద్దిగా మెలితిరిగి లేవు, చెరుకు పిప్పిలా పూర్తిగా మెలిపడి ఉన్నాయి. విరిగిన మొహం మీద ఒక అంచున పాత నలుపు, మిగతాదంతా తెల్లగా మెరుస్తున్న కొత్త విరుపు. అంటే పగులు ఎప్పుడో మొదలైంది. ఆ రోజు పూర్తిగా తెగింది. బేరింగ్ దగ్గర, నేను ముట్టుకున్న చోట, గీత కూడా లేదు.

మార్జ్ ఆ ముక్కని అందరి చేతుల్లోకీ తిప్పింది. ఇయాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కవాడికిచ్చి, తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇది విరుగుతుందని నీకు నా నోటితో చెప్పానా, లేదా?" అని అడిగింది మార్జ్.

"ఏవో అన్నావులే," అన్నాడు రస్సెల్. తర్వాత నావైపు చూసి నవ్వాడు. "ఏదో ఆవేశంలో అన్నాను. మనసులో పెట్టుకోకు పాపా."

"ఆమెకి పేరుంది," అంది మార్జ్. "తప్పు నాది అని ఆ పేరు పెట్టి చెప్పు. అందరి ముందూ అన్నావు, అందరి ముందే చెప్పు."

"ఒక కూలిమనిషి కోసం ఇంత రభసా? నా బళ్ళన్నీ ఎక్కడికైనా తీసుకెళ్ళగలను, తెలుసుగా మార్జ్."

"తెలుసు. గేటు తెరిచే ఉంది."

అతను వెళ్ళిపోయాడు. నిజంగానే అన్ని బళ్ళూ తీసుకెళ్ళిపోయాడు. నన్ను మండించేది అతను ఒక్కడే కాదు. ఆ ముక్కని చేతుల్లో పట్టుకుని చూసి, నిజం తెలిసి, "నువ్వు చెప్పింది రైటు మార్జ్" అన్న ఒక్క మాట నోట్లోంచి రాని ఆ పెద్దమనుషులు కూడా. ఒక్కొక్కరే గొంతు సవరించుకుని, వాతావరణం గురించి ఏదో అని, గేటు దాటారు. ఆ శీతాకాలం షెడ్డు సగం ఖాళీగా ఉంది. మెకానిక్‌లలో ఒకతను వేరేచోట చూసుకున్నాడు. మార్జ్ వెనక గదిలో హీటర్ వెయ్యడం మానేసింది. ఒక రోజు టీ తాగుతూ, "ఇదంతా నావల్లే," అన్నాను.

మార్జ్ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. "మళ్ళీ మొదలుపెట్టావా? ఇది వాడివల్ల. నీకు కోపం వస్తుంది, నాకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ దాన్ని తీసుకెళ్ళి నీ మీదే వేసుకుంటావు. ఎవడిది వాడి మీద వెయ్యి. అది కూడా మన పనిలో భాగమే." తర్వాత, "ఆ హోండా బ్రేకులు చూడు, సాయంత్రానికి ఇవ్వాలి," అంది. ఓదార్పు అంటూ ఆవిడ దగ్గర దొరికింది అంతే.

వర్క్‌షాప్ మూతపడలేదు. చిన్నదిగా నడిచింది. నాకు రెసిడెన్సీ వచ్చేదాకా ఆవిడ నన్ను వదల్లేదు. వచ్చిన నెలలోనే, "ఇక్కడే ఉంటే నాలాగే ముసలిదానివైపోతావు, వెళ్ళు," అని ఆక్లాండ్ పంపేసింది. అక్కడ పెద్ద వర్క్‌షాప్‌లో చేరి, కొన్నేళ్ళకి ఫోర్‌మన్‌నయ్యాను. ఫోన్ చేసి చెబితే, "సరే, ఇప్పుడు నువ్వు ఎవరి మీద అరుస్తున్నావు?" అని అడిగింది. ఆ దశాబ్దం చివర్లో ఒక పొద్దున్న ఆవిడ పోయిందని కబురొచ్చింది. విమానమెక్కి వెళ్ళాను.

ప్రార్థనలు అయ్యాక హాల్లో టీ, చీజ్ రోల్స్ పెట్టారు. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరే లేచి పోయినవాళ్ళ గురించి ఒక ముచ్చట చెప్తున్నారు. రస్సెల్ లేచాడు. ఒళ్ళు కరిగి, కర్ర పట్టుకుని ఉన్నాడు. కారు కథ చెప్పాడు. చక్కగా, నవ్విస్తూ చెప్పాడు. పచ్చదీపం, తుపాకీ చప్పుడు, నాలుగడుగులు. "మార్జ్ దగ్గర ఒక ఇండియన్ పిల్ల ఉండేది. పాపం, ఏదో బోల్టు బిగించడం మర్చిపోయింది. అది మార్జ్‌కీ తెలుసు. అయినా ఆ పిల్ల పరాయి దేశంలో ఒంటరిదని వెనకేసుకొచ్చింది. నా బళ్ళన్నీ పోయినా సరేనంది. మార్జ్ మనసు అలాంటిది," అన్నాడు. అందరూ మెత్తగా నవ్వారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను. అతను నన్ను అన్నందుకు కాదు, అది నాకు పాతే. కానీ మార్జ్ చేసిన న్యాయాన్ని జాలి కిందకి మార్చేశాడు. నిజం కోసం నిలబడ్డ మనిషిని, ఒక అనాథ కోసం అబద్ధమాడిన మంచిదాన్ని చేసి, ఆవిడ శవపేటిక పక్కనే పొగుడుతున్నాడు. ఇక ఆవిడ లేచి గేటు చూపించే వీల్లేదు. అందుకే నేను లేచాను.

"నా పేరు ప్రసన్న," అన్నాను. "ఆ ఇండియన్ పిల్లని నేనే. నేను ఏ బోల్టూ మర్చిపోలేదు. ఆ షాఫ్టు విరుగుతుందని మార్జ్ ఇతనికి ముందే చెప్పింది. వద్దన్న టైర్లు వేసి విరగ్గొట్టుకున్నాడు. మార్జ్ నన్ను చూసి జాలిపడలేదు. జాలితో అబద్ధమాడే మనిషి కాదు ఆవిడ. అది మీ అందరికీ తెలుసు."

చివరిదాకా చెప్పాను. చావింట్లో ఇదేం గొడవ అన్నట్టు కొందరు చూశారు. అప్పుడు వెనక వరసలోంచి ఇయాన్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఆమె చెప్పింది నిజం," అన్నాడు. "ఆ షాఫ్టు నా చేత్తో పట్టుకుని చూశాను. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు."

రస్సెల్ కర్ర తీసుకుని, తలుపు దగ్గరున్న కోటు అందుకుని వెళ్ళిపోయాడు. తప్పు నాది అన్న మాట అతని నోటి నుంచి రాలేదు, ఇక రాదు కూడా.

ఆ ఊళ్ళో కొందరు ఇప్పటికీ పాత కథే చెప్పుకుంటారని తెలుసు. అది నవ్విస్తుంది, కంటతడి పెట్టిస్తుంది. నిజమైన కథకి అంత గిరాకీ ఉండదు. నాకు ఇప్పుడూ కోపమే. ఇన్నేళ్ళయింది, పోనీలే అని మావారు అంటారు. పోనివ్వను. ఒకప్పుడు ఏ కోపం వచ్చినా నా లోపలికే తిరిగి నన్నే కోసేది. ఇప్పుడు దానికి ఎక్కడికి వెళ్ళాలో తెలుసు. నేను దాన్ని తల దించుకోకుండా మోయగలుగుతున్నాను. వర్క్‌షాప్‌లో నా కింద పనిచేసేవాళ్ళు నేను చాలా గట్టిగా అరుస్తానని చెప్పుకుంటారట. అరుస్తాను. ఎవరి పక్షాన అరుస్తున్నానో వాళ్ళకి కొన్నాళ్ళకి తెలుస్తుంది.